మెదడు 20 వాట్లతో నడుస్తుంటే యంత్రాలకు మెగావాట్లు ఎందుకు? న్యూరోమార్ఫిక్ నేర్చుకోవాలా, క్వాంటమ్ నేర్చుకోవాలా?

పాలకొల్లులో ఈసీఈ చివరి ఏడాది చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది. మనిషి మెదడు 20 వాట్లతో పనిచేస్తుందంటారు కదా, అలాంటి పనికే ఏఐ యంత్రాలకు మెగావాట్ల కరెంటు ఎందుకు కావాలి? రేపటి కంప్యూటర్లు మెదడులా తయారవుతాయా? అమరావతికి క్వాంటమ్ కంప్యూటర్ వస్తోంది కాబట్టి ఇప్పటినుంచే అది పట్టుకోవాలా, మెదడు పనితీరును అనుకరించే న్యూరోమార్ఫిక్ చిప్‌ల వైపు వెళ్ళాలా?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. యంత్రంలో కరెంటు ఎక్కువగా తినేది లెక్క కాదు, ఆ లెక్కకు కావలసిన అంకెలను మెమరీ నుంచి తెచ్చి మళ్ళీ మెమరీలో పెట్టడం. మెదడులో గుర్తు ఉన్నచోటే లెక్క కూడా జరుగుతుంది. పైగా కొత్త సంగతి లేనప్పుడు న్యూరాన్ (మెదడు కణం) పెద్దగా మాట్లాడదు. రేపటి కంప్యూటర్లు మెదడుకు నకలు అవుతాయని నేను అనుకోను. కానీ ఈ రెండు గుణాలనూ అరువు తెచ్చుకుంటాయి, ఇప్పటికే తెచ్చుకుంటున్నాయి. క్వాంటమ్ పూర్తిగా వేరే పని, దాన్ని ఇందులో కలపకండి.

నేను చాలాకాలం చిప్ డిజైన్‌లో, ముఖ్యంగా మెమరీ వైపు పనిచేశాను. ఇప్పుడు భీమవరం దగ్గర ఉంటూ రొయ్యల చెరువులకు ఆక్సిజన్ కొలిచే పరికరాలు, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల మీద కన్నేసి ఉంచే పరికరాలు తయారుచేస్తున్నాను. బ్యాటరీ ఎన్ని రోజులు వస్తుందన్నదే నా రోజువారీ గొడవ. అందుకే మీ ప్రశ్నకు ఆ వైపు నుంచే జవాబిస్తున్నాను.

మొదట 20 వాట్ల సంగతి. అది నిజమే. మెదడు బరువు మన ఒంటి బరువులో సుమారు 2 శాతం. మనం ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్ళు వాడే శక్తిలో మాత్రం దాని వాటా 20 శాతం దాకా ఉంటుంది. 24 గంటలకు లెక్కేస్తే 480 వాట్ అవర్లు, అంటే అర యూనిట్ కూడా కాదు. డేటా సెంటర్లలో వాడే ఎన్విడియా హెచ్100 అనే జీపీయూ (ఏఐ లెక్కలు చేసే చిప్) కార్డు ఒక్కటి పూర్తి లోడులో 700 వాట్లు తీసుకుంటుంది, రోజుకు దాదాపు 17 యూనిట్లు. అమెరికాలో 2022లో ఎక్సాఫ్లాప్ (సెకనుకు పది వేల కోటి కోట్ల లెక్కలు) గీత దాటిన ఫ్రాంటియర్ అనే సూపర్ కంప్యూటర్‌కు 20 మెగావాట్ల పైనే పట్టింది. విశాఖలో గూగుల్ 2025లో ప్రకటించిన డేటా సెంటర్ గిగావాట్ స్థాయిది.

కానీ ఈ అంకెలు పక్కపక్కన పెట్టి మెదడు గెలిచిందనేయకండి. 20 వాట్లు ఒక్క మనిషివి. ఆ కార్డు ఒకేసారి ఎంతోమందికి జవాబులు రాస్తుంటుంది. ఇంకోటి, మెదడు ఖర్చు పనిని బట్టి పెద్దగా మారదు. ఎంసెట్ లెక్క చేస్తున్నా, గోడకేసి చూస్తూ కూర్చున్నా దాదాపు అంతే. మార్కస్ రైకల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చేసిన కొలతల్లో, శ్రద్ధగా ఒక పని చేసేటప్పుడు పెరిగే ఖర్చు 5 శాతానికి మించలేదు. అంటే 20 వాట్లలో చాలావరకు ఊపిరి తియ్యడం లాంటి ఆగని పనులకూ, ఆ వ్యవస్థను సిద్ధంగా ఉంచడానికీ పోతుంది. పది అంకెల సంఖ్యలు రెండు గుణించమంటే, వంద రూపాయల మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్ ముందు మన మెదడు నిలవదు. కాబట్టి ఎవరు తక్కువ ఖర్చుతో చేస్తారన్నది ఏ పని అన్నదాన్ని బట్టి ఉంటుంది. చూడటం, వినడం, నడవడం, అలవాటు లేని చోట తడుముకోకుండా మసలడం, ఇలాంటివాటిలో మెదడు చాలా ముందుంది. గుణకారం, వరస పెట్టడం, వెతకడంలో యంత్రం ముందుంది.

ఇప్పుడు అసలు విషయం, అంకెలను మొయ్యడానికయ్యే ఖర్చు.

1945లో జాన్ వాన్ నాయ్‌మన్ ఎడ్వాక్ అనే యంత్రం కోసం రాసిన నివేదికలో లెక్క చేసే భాగం ఒకటి, అంకెలూ ఆదేశాలూ దాచే భాగం ఇంకోటి అని విడగొట్టి చూపించాడు. ఈరోజు మీ ఫోన్‌లో ఉన్నదీ ఆ అమరికే. చాలాకాలం దానితో ఇబ్బంది రాలేదు, ఎందుకంటే అప్పట్లో లెక్కే ఖరీదు. తర్వాత లెక్క చవకైపోయింది, రవాణా అంతగా చవక కాలేదు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హోరోవిట్జ్ 2014లో 45 నానోమీటర్ల చిప్‌లకు ఇచ్చిన లెక్కలు మా రంగంలో అందరికీ నోటికి వచ్చు. 32 బిట్ల పూర్ణాంకాలు రెండు కూడితే సుమారు 0.1 పికోజౌల్. జౌల్‌లో లక్ష కోట్లవ వంతును పికోజౌల్ అంటారు. అదే 32 బిట్ల అంకెను చిప్‌లోనే ఉన్న చిన్న మెమరీ నుంచి తేవాలంటే 5 పికోజౌళ్ళు. చిప్ బయట ఉన్న డీర్యామ్ అనే పెద్ద మెమరీ నుంచి తేవాలంటే 640. చిప్‌లు ఆ తర్వాత చాలా మారాయి, అంకెలు తగ్గాయి, కానీ ఆ నిష్పత్తి తీరు మారలేదు. ధాన్యం గోదాము ఒక ఊళ్ళో, మిల్లు ఇంకో ఊళ్ళో ఉండి, బస్తా బస్తాకూ లారీ కట్టించుకుంటే ఆడింపు కూలి కంటే కిరాయే ఎక్కువవుతుంది కదా, పరిస్థితి అదే.

ఏఐ మోడళ్ళలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. 7,000 కోట్ల పారామీటర్లు (మోడల్ నేర్చుకుని దాచుకున్న అంకెలు) ఉన్న మోడల్ అనుకుందాం. ఒక్కోదానికి 2 బైట్లు చొప్పున 140 గిగాబైట్లు. మోడల్ జవాబులో ఒక్కో పదం ముక్క రాసినప్పుడల్లా ఆ 140 గిగాబైట్లూ మెమరీ నుంచి ఒకసారి చదవాలి. ఒక హెచ్100 కార్డులో 80 గిగాబైట్లే పడతాయి కాబట్టి రెండు కార్డులు కావాలి. ఒక్కోటి సెకనుకు 3.35 టెరాబైట్లు చదవగలదు. లెక్క వేసుకోండి, ఒక్కరి కోసమే నడిపితే సెకనుకు 48 ముక్కలకు మించి రావు. లెక్క చేసే భాగం చాలాసేపు ఖాళీగా కూర్చుని అంకెల కోసం ఎదురుచూస్తుంటుంది. అందుకే ఆ కంపెనీలు ఎంతోమంది ప్రశ్నలను ఒకేసారి కలిపి నడుపుతాయి. ఒకసారి చదివిన పారామీటర్‌తో అందరి లెక్కా అయిపోతుంది.

మెదడులో ఇలా చదివి తెచ్చుకోవడం అన్న మాటే లేదు. సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు, వాటి మధ్య కోటి కోట్ల స్థాయిలో సైనాప్స్‌లు అనే అతుకులు. ఒక సైనాప్స్ ఎంత బలంగా ఉందన్నదే అక్కడ దాచిన సమాచారం. సంకేతం దాని గుండా వెళ్ళినప్పుడు ఆ బలంతో గుణించబడుతుంది. దాచిన చోటూ గుణించిన చోటూ ఒక్కటే.

వేగం చూస్తే మెదడు చాలా నెమ్మది. న్యూరాన్ పలికే ఒక్కో పలుకు సెకనులో వెయ్యో వంతు పడుతుంది. నరంలో సంకేతం ఎంత వేగంగా పోయినా సెకనుకు 120 మీటర్లకు అటూ ఇటూ. మీ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ సెకనుకు 300 కోట్లకు పైగా టిక్కులు కొడుతుంది. అయినా ఎదురొచ్చిన మనిషిని మీరు అర సెకను లోపలే గుర్తుపడతారు. ఆ కాస్త వ్యవధిలో న్యూరాన్లు ఒకదాని తర్వాత ఒకటిగా వంద మెట్ల పని కూడా చెయ్యలేవు. అంటే పని వరసలో కాకుండా వెడల్పులో జరుగుతోందన్నమాట, కోట్లాది చోట్ల ఒకేసారి.

పారామీటర్ల సంఖ్యను సైనాప్స్‌ల సంఖ్యతో పోల్చే వీడియోలను నమ్మకండి. 1943లో మెకలక్, పిట్స్ అనే ఇద్దరు పరిశోధకులు గీసిన న్యూరాన్ బొమ్మ చాలా సరళమైనది. వచ్చినవన్నీ కలుపు, గీత దాటితే పలుకు, అంతే. మన ఏఐ మోడళ్ళన్నీ ఆ బొమ్మ సంతానమే. నిజమైన న్యూరాన్ అలా లేదు. దాని కొమ్మల్లోనే బోలెడు లెక్క జరుగుతుంది. 2021లో జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయం వాళ్ళు మెదడు పై పొరలోని ఒక్క న్యూరాన్ ప్రవర్తనను కంప్యూటర్‌లో అనుకరించడానికి 5 నుంచి 8 పొరల డీప్ నెట్‌వర్క్ కావలసి వచ్చిందని చూపించారు. ఒక్క న్యూరాన్‌కి! అలాగని మెదడంతా దివ్యమైన నాణ్యత అనుకోనక్కర్లేదు. సంకేతం వచ్చినా చాలా సైనాప్స్‌లు చాలాసార్లు స్పందించవు. ఒక్కో భాగం నమ్మదగినది కాకపోయినా మొత్తం మాత్రం నమ్మకంగా నడుస్తుంది. మేం చిప్‌లలో ప్రతి బిట్టూ తప్పకుండా సరిగ్గా ఉండాలని వోల్టేజీ ఎక్కువ పెట్టి, ఆ భరోసాకు కరెంటు రూపంలో మూల్యం కడుతుంటాం.

ఇక మాట్లాడకపోవడం గురించి. నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ మా చెరువుల మీదే ఉంది. ఆకివీడు, కైకలూరు వైపు రాత్రి కాపలా ఉండేవాళ్ళు ఏరియేటర్ల హోరు పక్కనే షెడ్డులో ఒళ్ళెరగకుండా నిద్రపోతారు. కరెంటు పోయి ఆ హోరు ఆగిన మరుక్షణం చటుక్కున లేచి జనరేటర్ వైపు పరుగెడతారు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయి ఉంటుంది, అప్పుడు ఏరియేటర్లు ఆగితే పంట దక్కదు. ఆ మనిషిని లేపింది కొత్త శబ్దం కాదండీ, ఉండాల్సిన శబ్దం లేకపోవడం. నిద్రలో కూడా మెదడు తర్వాతి క్షణం ఎలా ఉండాలో అంచనా వేసుకుంటూ, తేడా వచ్చినప్పుడే గట్టిగా స్పందిస్తోంది. దీన్ని ప్రయోగశాలలోనూ కొలిచారు. ఫిన్‌లాండ్ శాస్త్రవేత్త రిస్టో నాటానెన్ బృందం 1978లో ఈ సంగతి ప్రచురించింది. ఒకే శబ్దం పదేపదే వినిపించి మధ్యలో ఒకటి మార్చితే, వినేవాడు పట్టించుకోకపోయినా, సెకనులో పావు వంతు లోపే మెదడు తరంగాల్లో ఆ తేడాకు గుర్తు కనబడుతుంది.

నా పరికరాల్లో ఈ సూత్రమే బ్యాటరీని బతికిస్తుంది. ఆక్సిజన్ రీడింగ్ ప్రతి నిమిషం సర్వర్‌కు పంపడం ఒక పద్ధతి. పరికరంలోనే ఒక చిన్న అంచనా పెట్టుకుని, పగలు ఎండకు ఆక్సిజన్ పెరగడం, రాత్రి తగ్గడం మామూలే కాబట్టి, ఆ అంచనా నుంచి తేడా వస్తేనే పంపడం రెండో పద్ధతి. రెండో పద్ధతిలో లెక్క ఎక్కువ, కానీ రేడియో ఎక్కువసేపు నిద్రలో ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ తినేది ఆ రేడియోనే కాబట్టి, ముసురు పట్టి సోలార్ ప్యానెల్ మీద ఎండ పడని రోజుల్లో కూడా పరికరం నిలబడుతుంది. డేటా సెంటర్‌లో డీర్యామ్ ఎలాగో, గట్టు మీద రేడియో అలాగ.

దీనికి ఒక చిక్కు ఉంది, ఏ పుస్తకంలో చదివినా ఇది కాస్త ఆలస్యంగా వస్తుంది. పరికరం ఏమీ పంపకపోతే అంతా బాగుందనా, పరికరమే పాడైపోయిందనా? అందుకని ఏమీ లేకపోయినా అప్పుడప్పుడు బతికే ఉన్నానని ఒక చిన్న సందేశం పంపాలి. అది ఎంత తరచుగా పంపాలన్నదే డిజైన్‌లో అసలు బేరం. గంటకోసారి అంటే రైతు ఒప్పుకోడు, ఎందుకంటే తెల్లవారుజామున గంట చాలా ఎక్కువ.

నేర్చుకోవడంలో తేడా ఇంకా పెద్దది. ఏరియేటర్ శబ్దం విని బేరింగ్ పోతోందని ముందే చెప్పే చిన్న మోడల్ ఒకటి మైక్రోకంట్రోలర్‌లోనే నడుపుతున్నాం. 32 బిట్లకు బదులు 8 బిట్ల అంకెలతో, మొత్తం కొన్ని పదుల కిలోబైట్లలో సరిపోతుంది. ప్యాడిల్ వీల్ ఏరియేటర్ల మీద నేర్పిన మోడల్‌ను లాంగ్ ఆర్మ్ ఏరియేటర్ దగ్గర పెడితే, మంచి మోటారును కూడా పాడైందంటుంది. అదే కాపలా మనిషిని కొత్త చెరువుకు మార్చండి, ఒకటి రెండు రాత్రుల్లో అక్కడి శబ్దం అలవాటైపోతుంది, పాత చెరువు శబ్దం మర్చిపోడు కూడా. మోడల్‌కు కొత్త శబ్దాలు మాత్రమే నేర్పితే పాతవి చెరిగిపోతాయి. ఈ జబ్బును 1989లోనే గుర్తించారు. పాతా కొత్తా కలిపి మళ్ళీ నేర్పడం మాకు తెలిసిన మందు, అది ఖరీదైనది. ఇప్పుడు అందరూ వాడే బ్యాక్‌ప్రాపగేషన్ అనే పద్ధతి 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. మెదడు అచ్చంగా అలాగే నేర్చుకుంటుందని చూపించిన ఆధారం లేదు. వచ్చే కాలంలో పెద్ద అడుగు ఎక్కడైనా పడుతుందంటే ఇక్కడే పడాలని నా నమ్మకం. తక్కువ ఉదాహరణలతో, ఉన్నది చెరపకుండా నేర్చుకునే యంత్రం వస్తే ఎన్ని మెగావాట్లు మిగులుతాయో ఊహించుకోండి.

న్యూరోమార్ఫిక్ విషయానికి వద్దాం. ఆ ఆలోచనకు, ఆ పేరుకు మూలం కాల్‌టెక్ ప్రొఫెసర్ కార్వర్ మీడ్, 1980లలో. 2014లో ఐబీఎం ట్రూనార్త్ చిప్ వచ్చింది. 10 లక్షల న్యూరాన్లు, 25.6 కోట్ల సైనాప్స్‌లు, ఖర్చు మిల్లీవాట్లలో. ఇంటెల్ 2017లో లోయిహి తెచ్చింది. దాని రెండో తరం చిప్‌లు 1,152 కలిపి 2024లో హాలా పాయింట్ అనే యంత్రం కట్టింది. అందులో 115 కోట్ల న్యూరాన్లు, గరిష్ఠంగా 2,600 వాట్లు. ఇంత బాగుంటే బజారులో ఎందుకు కనబడవంటారా? చిప్ సమస్య కాదు, సాఫ్ట్‌వేర్ సమస్య. ఇలాంటి నెట్‌వర్క్‌లకు నేర్పే పద్ధతులు ఇంకా బలహీనంగా ఉన్నాయి. మామూలు జీపీయూ మీద ఒక కుర్రాడు ఒక పూటలో చేసే పని వీటి మీద నెలలు పడుతుంది. అందుకే నా అభిప్రాయం ఏమిటంటే, ఇవి ముందు సెన్సర్ల వైపు గెలుస్తాయి. మార్పు వచ్చిన పిక్సెల్ మాత్రమే మాట్లాడే ఈవెంట్ కెమెరాలు ఇప్పటికే అమ్మకానికి ఉన్నాయి. డేటా సెంటర్‌లో జీపీయూలను దించడం మాత్రం దగ్గర్లో కనబడటం లేదు.

మెమరీలోనే లెక్క చెయ్యడం నాకు ఇంకా ఆశగా కనిపించే దారి. బెంగళూరు ఐఐఎస్‌సీ బృందం 2024లో అణువుల పలచటి పొర ఒకదానిలో 16,500 స్థాయిలు నిలిపి ఉంచి, అక్కడే గుణకారం చేయించి చూపించింది. మామూలు మెమరీ కణంలో రెండు స్థాయిలే కదా, 0, 1. మన దేశంలో జరిగిన పని కాబట్టి తప్పకుండా చదవండి. ఇందులో ఉన్న కష్టం కూడా చెబుతాను. అనలాగ్ విలువలను మళ్ళీ అంకెలుగా మార్చే సర్క్యూట్లు, మిగిల్చిన కరెంటులో చాలా భాగం తినేస్తాయి. వేడికి విలువలు జరుగుతుంటాయి. గట్టు మీద మే నెల ఎండలో ఉండే డబ్బాలో అలాంటి చిప్ నిలవాలంటే ఇంకా పని ఉంది.

క్వాంటమ్ గురించి పొట్టిగా. అమరావతిలో ఐబీఎం, టీసీఎస్‌తో కలిసి పెడతామని 2025లో ప్రకటించిన యంత్రం 156 క్యూబిట్ల (క్వాంటమ్ బిట్ల) ప్రాసెసర్‌ది. అణువుల ప్రవర్తన లెక్కించడం, 1994లో పీటర్ షోర్ చూపించినట్టు పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టడం, ఇలాంటి ప్రత్యేకమైన పనులకు అది. పెద్ద సంఖ్యలు విడగొట్టడానికి 156 క్యూబిట్లు ఏమాత్రం చాలవు, తప్పులు సరిదిద్దుకునే పెద్ద యంత్రాలు రావాలి. రొయ్య ఫొటో చూసి రోగం చెప్పడానికో, తెలుగులో ఉత్తరం రాయడానికో అది అక్కరకు రాదు. ఫిజిక్స్, లీనియర్ ఆల్జీబ్రా మీద మీకు నిజంగా ప్రేమ ఉంటే వెళ్ళండి. ఉద్యోగం కోసమే అయితే, క్వాంటమ్ యంత్రాలు కూడా ఛేదించలేవని భావిస్తున్న కొత్త గూఢలిపి పద్ధతులు చూడండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో మొదటి మూడు ప్రమాణాలు విడుదల చేసింది. బ్యాంకులు, ఫోన్ కంపెనీలు అన్నీ వాటికి మారాల్సిందే, ఆ పని ఇప్పుడే ఉంది.

ఇంతకీ మీరేం చదవాలి? నా సలహా: కంప్యూటర్ ఆర్కిటెక్చర్, అందులోనూ మెమరీ వ్యవస్థలు గట్టిగా చదవండి. సిగ్నల్ ప్రాసెసింగ్ వదలకండి, మీ ఈసీఈకి అదే బలం. న్యూరోమార్ఫిక్ గెలిచినా, మెమరీలో లెక్క గెలిచినా, పాత జీపీయూలే ఇంకో పదేళ్ళు ఏలినా ఈ రెండూ పనికొస్తాయి. పేరు చూసి కోర్సులో చేరితే, ఆ పేరు పాతబడ్డాక ఏం చెయ్యాలో తెలియక టెన్షన్ పడతారు.

చివరి ఏడాది ప్రాజెక్టుకు డబ్బు ఎక్కువ పెట్టక్కర్లేదు. నిద్రలో మైక్రోఆంపియర్లు మాత్రమే తీసుకునే మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి, అంత చిన్న కరెంటు కొలవగల మీటర్ ఒకటి సంపాదించండి. బోర్డు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. చిప్ నిద్రపోయినా బోర్డు మీది రెగ్యులేటర్, ఎర్ర ఎల్‌ఈడీ కరెంటు లాగుతూనే ఉంటాయి, అవి తీసేయగలిగినది చూసుకోండి. ఒకే శబ్దాన్ని గుర్తుపట్టే పనిని మూడు రకాలుగా చేయించండి: మొత్తం రికార్డింగ్ బయటకు పంపి, బోర్డులోనే మోడల్ నడిపి, శబ్దం మారినప్పుడే మోడల్‌ను లేపి. మూడింటికీ రోజుకు ఎన్ని జౌళ్ళు అయ్యాయో కొలిచి, ఎక్కడెక్కడ పోయాయో విడివిడిగా రాయండి. ఆ పట్టిక ఇక్కడ పెడితే నేను చూసి చెబుతాను, వీలైతే మా చెరువుల దగ్గర రికార్డు చేసిన ఏరియేటర్ శబ్దాలు కూడా ఇస్తాను.